రెండో నంబరు రోగులు

1974 జూన్ రెండో వారంలో నన్ను బందరు నుంచి బెజవాడకు మూడు వారాల ప్రత్యేక విధి మీద పంపించారు. అప్పుడు నేను జిల్లా గణాంక కార్యాలయంలో అసిస్టెంట్ స్టాటిస్టికల్ ఆఫీసరుని. పై ఆఫీసరు సంతకం చేసే ప్రతి పట్టికనూ కింద కూర్చుని తయారుచేసే మనిషికి మా శాఖలో ఆ హోదా ఇచ్చేవారు. వాన ఎంత పడింది, వరి ఎన్ని ఎకరాల్లో నాటారు, ఏ ఊళ్ళో ఎన్ని గేదెలున్నాయి, ఇవీ నా లెక్కలు. ఆసుపత్రుల గురించి నాకున్న జ్ఞానమల్లా ఒక పురుటికి చేరి బయటపడ్డంత వరకే.

నా చేతికిచ్చిన ఉత్తర్వులో 'ఆసుపత్రి యందు నెలకొల్పిన నూతన సమాచార వ్యవస్థ సాధించిన విజయమును మదింపు చేయుటకు' అని ఉంది. చదవగానే నవ్వొచ్చింది. విజయం సాధించిందని వాళ్ళే తేల్చేశారు. ఎంత సాధించిందో నేను వెళ్ళి కొలిచి రావాలి.

ఆ ఆసుపత్రి పేరు రాయను. ఏలూరు కాలవకు దగ్గరలో ఒక ధర్మసంస్థ నడిపేది, ఇప్పుడు లేదు. ప్రభుత్వ గ్రాంటు తీసుకునేది కనుక లెక్క అడిగే హక్కు ప్రభుత్వానికి ఉంది. మద్రాసు కంపెనీ ఒకటి అక్కడ పంచ్ కార్డుల పద్ధతి పెట్టింది. అది బాగుంటే తక్కిన పెద్ద ఆసుపత్రుల్లోనూ పెట్టాలని సెక్రటేరియట్‌లో ఎవరికో ఉత్సాహం పుట్టింది. ఆ ఉత్సాహం ఫైలుగా మారి డైరెక్టరేటుకూ, అక్కడి నుంచి కలెక్టరాఫీసుకూ, చివరికి మాకూ దిగింది. సరిగ్గా ఆ నెలలోనే మా ఆఫీసులో మగవాళ్ళందరికీ ఏదో ఒక తప్పనిసరి పని తగిలింది. ఫైలు నా బల్ల మీదికొచ్చి ఆగింది.

జవాబు రాయాల్సిన ప్రశ్నలు అయిదు. కాగితాలు వేళకు వస్తున్నాయా, తప్పులు ఎన్ని, గుమాస్తాల పని తగ్గిందా, డాక్టర్లు వాటిని వాడుకుంటున్నారా, ఇంకోచోట పెట్టడానికి వీలవుతుందా. ఆ కాగితాల్లో ఉన్నది నిజమేనా అన్న ప్రశ్న ఆ అయిదింటిలో లేదు. అడగాలని ఎవరికీ తోచలేదు. ఉన్నదున్నట్టు చెప్పాలంటే మొదటి వారం నాకూ తోచలేదు.

సూపరింటెండెంటు డాక్టర్ పురుషోత్తం గారు నన్ను వార్డుల్లోకి కాకుండా తిన్నగా యంత్రాల గదికి తీసుకెళ్ళారు. చెప్పులు బయట విప్పించారు. లోపల చల్లగా ఉంది. ఆపరేషన్ థియేటరు కోసం తెప్పించిన ఏసీని ఈ గదికి బిగించారని అక్కడి సర్జనొకాయన తర్వాత నాతో పళ్ళు కొరుకుతూ చెప్పాడు. మన డెల్టా గాలిలోని చెమ్మకు కార్డులు ఉబ్బిపోయి యంత్రంలో ఇరుక్కుంటాయి, కనుక కార్డులకు చల్లదనం కావాలని కంపెనీ షరతు. చెమట కారుస్తూ కడుపులు కోస్తున్న సర్జన్ల గురించి కంపెనీ షరతేమీ పెట్టలేదు.

పద్ధతి ఇదీ. రోగి ఆసుపత్రి వదిలి వెళ్ళగానే వార్డు నర్సు ఒక చీటీ నింపుతుంది: పేరు, వయసు, ఊరు, చేరిన తేదీ, వెళ్ళిన తేదీ, జబ్బు, కేసు షీటులో డాక్టరు రాసిన ఆఖరి మాట. ఆ చీటీ కోడింగు గదికి వస్తుంది. అక్కడ గుమాస్తా ప్రతి మాటకూ ఒక అంకె వేస్తాడు. ఆ అంకెల్ని ఒక అమ్మాయి యంత్రం మీద కొడితే కార్డులో బెజ్జాలు పడతాయి. రెండో అమ్మాయి అదే చీటీ చూసి అదే కార్డు మీద మళ్ళీ కొడుతుంది. రెండూ సరిపోతే కార్డు కుడి అంచున చిన్న గాటు పడుతుంది. గాటు పడ్డ కార్డుల పెట్టె వారానికోసారి రైల్లో మద్రాసు వెళ్తుంది. అక్కడి పెద్ద యంత్రాలు వాటిని వేరుచేసి, కూడి, అచ్చుకొట్టిన కాగితాలు తిరిగి పంపిస్తాయి.

ఆ కాగితాలు సూపరింటెండెంటు గారికి ప్రాణం. మడతలు మడతలుగా ఉన్న ఆ పొడుగాటి కాగితం తానును బల్ల మీద పరిచి, పట్టుచీర అంచు చూపించే కొట్టువాడిలా నాకు చూపించారు. వార్డుల వారీగా ఎంతమంది చేరారు, ఎంతమంది ఎలా వెళ్ళారు అన్నది అందులో ఉంది. వెళ్ళిన తీరుకు నాలుగే నంబర్లు. ఒకటి, క్యూర్డ్, అంటే నయమైనవారు. రెండు, రిలీవ్డ్, పూర్తిగా నయం కాకపోయినా బాధ తగ్గి వెళ్ళినవారు. మూడు, నాట్ ఇంప్రూవ్డ్, ఏ మార్పూ లేకుండా వెళ్ళినవారు. నాలుగు, చనిపోయినవారు.

"మూడో కాలమ్ చూడండి మేడమ్‌గారూ," అన్నారాయన. "నిల్లు. అన్ని వార్డుల్లోనూ నిల్లే. ఏడాదిగా మా ఆసుపత్రిలోంచి గుణం కనిపించకుండా ఒక్క మనిషి బయటికెళ్ళలేదు."

నేను తల ఊపాను. అది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు చిరాకు. గేదెల లెక్కలో ఒక ఊళ్ళో ఈనలేని గేదె ఒక్కటీ లేదని రాసుకొస్తే ఆ గుమాస్తాను వెనక్కి తిప్పి పంపేదాన్ని. ఇక్కడ ఒక పెద్ద డాక్టరు చల్లటి గదిలో నిలబడి, అచ్చుకొట్టిన కాగితం చూపించి చెబితే తల ఊపాను.

తర్వాత ఆయన వేలు నాలుగో కాలమ్‌కు జరిగింది. అన్ని వార్డుల్లోనూ చావులు కొద్ది. ఆడవాళ్ళ మెడికల్ వార్డులో మాత్రం తక్కిన వాటికి మూడింతలు. "ఇదిగో, ఈ పద్ధతి లేకపోతే ఈ సంగతి మనకెప్పటికీ తెలిసేది కాదు," అన్నారు. ఆ వార్డు హెడ్ నర్సుకు మెమో ఇచ్చారట. నిర్లక్ష్యం అని. ఆమె ఇచ్చిన సంజాయిషీ తలబిరుసుగా ఉందట. నా రిపోర్టు రాగానే దాన్ని జతపరిచి ట్రస్టు కమిటీ ముందు పెట్టి ఆమెను తీసేస్తారట. అంటే నాకు తెలియకుండానే ఒక మనిషి ఉద్యోగం నా కలం కిందికి వచ్చి కూర్చుంది. నిర్లక్ష్యం అని రాసి తీసేసిన నర్సును కృష్ణా జిల్లాలో ఏ ఆసుపత్రీ గడప తొక్కనివ్వదు.

ఆమె పేరు సలోమి. గుణదలలో ఇల్లు, యాభైకి దగ్గర పడిన వయసు, ఆ ఆసుపత్రిలోనే ఇరవై ఏళ్ళ పైన సర్వీసు. ఆ సంజాయిషీ కాగితం నాకూ చూపించారు. రెండే వాక్యాలు: 'మా వార్డులో చనిపోయినవారు మా వార్డులోనే చనిపోయారు. ఇతర వార్డులవారు ఎక్కడ చనిపోయారో నాకు తెలియదు.' నాకూ అది తలబిరుసుగానే కనిపించింది. నా నోటుబుక్కులో 'సహకరించని సిబ్బంది' అని రాసుకున్నాను కూడా.

మొదటి వారం నా అయిదు ప్రశ్నలతో గడిచింది. కాగితాలు వేళకు వస్తున్నాయి. పంచింగు అమ్మాయిలిద్దరూ నిప్పులాంటి పనిమంతులు, వాళ్ళ తప్పులు వెతకడానికి నాకు భూతద్దం కావలసి వచ్చింది. డాక్టర్లు ఆ కాగితాలను వాడుకుంటున్నారా అంటే, ఒకాయన మందుల అలమరలో అరలకు పరిచాడు. దాన్ని వాడకం కింద రాయాలా వద్దా అని కొంచెంసేపు ఆలోచించి మానేశాను.

రెండో వారం నమూనా తనిఖీ మొదలుపెట్టాను. ప్రతి పదో చీటీ తీసి, దాని కేసు షీటు తెప్పించి, చీటీ మీది అంకెతో డాక్టరు మాట సరిపోయిందా అని చూడడం. మా శాఖలో ఇది రోజూ చేసే పని, కళ్ళు మూసుకుని చేస్తాం. మగవాళ్ళ వార్డు చీటీ ఒకటి వచ్చింది. కేసు షీటులో ఆఖరి మాట: స్పృహ లేదు, నాడి అందడం లేదు, బంధువుల కోరికపై తీసుకెళ్ళారు. చీటీ మీద అంకె రెండు. అంటే బాధ తగ్గి వెళ్ళాడు. చెయ్యి జారిందనుకున్నాను. కాసేపటికి అలాంటిదే ఇంకొకటి. తర్వాత సర్జికల్ వార్డుది. సాయంత్రానికి అలాంటివి నా బల్ల మీద ఒక కట్టయ్యాయి. చెయ్యి జారితే ఒకసారి మూడు పడుతుంది, ఒకసారి ఒకటి పడుతుంది. ప్రతిసారీ రెండే పడిందంటే అది చెయ్యి చేసింది కాదు, బుర్ర చేసింది.

కోడింగు గుమాస్తా ఆంజనేయులు గారు. తాలూకాఫీసులో హెడ్ క్లర్కుగా చేసి రిటైరైన మనిషి. ఇంగ్లీషు బాగా వచ్చునని ట్రస్టువాళ్ళు ఏరికోరి తెచ్చుకున్నారు. ఇస్త్రీ ఉత్తరీయం, ఎర్రసిరా కలం, ఎదురుగా అట్ట వేసిన కోడు పుస్తకం. ఆ పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి ఆఖరు పేజీ దాకా చదివినవాడు ఆసుపత్రి మొత్తం మీద ఆయనొక్కడే. నేను కట్ట ముందు పెట్టి, వీటికి రెండు ఎందుకు వేశారని అడిగాను.

"రిలీవ్డ్ కదండీ అమ్మగారూ," అన్నారు.

నాడి అందని మనిషికి ఎక్కడ తగ్గిందని అడిగాను. ఆయన నా వంక జాలిగా చూశారు.

"తగ్గడం కాదండీ. రిలీవ్డ్ అంటే ఇక్కడి నుంచి విడుదల చేశామని. మీకు తెలీనిదేముంది, బదిలీ అయినవాణ్ణి మనం రిలీవ్ చేస్తామా లేదా? ఎక్కడికెళ్ళాడు, అక్కడ ఎలా ఉన్నాడు, అది మన పరిధిలోకి రాదండీ. పొద్దున్నే రిలీవ్ చేశాం, మన రోల్సులో లేడు, అంతే. నేను సర్వీసులో ఎంతమందిని రిలీవ్ చేయించానో!"

నేనూ ప్రభుత్వోద్యోగినే. బందరు నుంచి నన్ను ఈ విధి మీద పంపినప్పుడు మా ఆఫీసులో రాసిన మాట కూడా అదే. మన ఆఫీసుల్లో ఆ మాటకు ఇంకో అర్థం ఉండగలదని తోచే గుమాస్తా రాష్ట్రంలో ఎక్కడా దొరకడు. మరి మూడో నంబరు ఎందుకు వాడలేదని అడిగాను.

"నాట్ ఇంప్రూవ్డ్ అంటే ఇంకా గుణమివ్వక వార్డులోనే ఉన్నవాళ్ళండీ. వాళ్ళ చీటీ నా దగ్గరికి రాదు కదా. అందుకని నాకా నంబరు అవసరమే పడలేదు."

సూపరింటెండెంటు గారు చంకలు గుద్దుకున్న ఆ నిల్లు పుట్టుక ఇదీ. తాలూకాఫీసు ఇంగ్లీషుతో వేసిన అంకెను ఇద్దరు అమ్మాయిలు తు.చ. తప్పకుండా రెండుసార్లు కొట్టి, గాటు వేయించి, రైలెక్కించి మద్రాసు పంపితే, అక్కడి యంత్రం దాన్ని నమ్మి కూడి పంపిస్తే, ఇక్కడ ఒక డాక్టరు దాన్ని తన గొప్పగా చెప్పుకుంటున్నాడు. ఇంతమందిలో ఎవడూ ఒక్క రోగి మొహం చూడలేదు. నిజానికి ఆంజనేయులు గారి మీద నాకు కోపం రాలేదు. నాలుగు ఇంగ్లీషు మాటల్ని ఎవరికీ వివరించకుండా ఆయన నెత్తిన పెట్టి చేతులు దులుపుకున్న కంపెనీ మీదా, వాటి అర్థం బాగా తెలిసి కూడా మూడో కాలమ్ ఎందుకు ఖాళీగా ఉందని ఒక్కసారి అడగని డాక్టర్ల మీదా వచ్చింది.

ఇక్కడ మన వాడుక ఒకటి చెప్పాలి. మనిషి ఆఖరు దశకొచ్చాడని తెలిస్తే మనవాళ్ళు ఆసుపత్రిలో ఉంచరు. ప్రాణం ఉండగానే ఇల్లు చేర్చాలంటారు. దానికి సెంటిమెంటే కాదు, అవసరం కూడా కారణం. శవాన్ని ఏ బస్సువాడూ ఎక్కించుకోడు, టాక్సీవాడు రాడు, కాలవ మీద పడవవాడు తన పైనున్న సరంగు ఒప్పుకోడంటాడు. కంపెనీ తన పుస్తకాన్ని ఏ దేశపు ఆసుపత్రి నుంచి ఎత్తి రాసిందో గానీ, అక్కడ ఈ వాడుక ఉన్నట్టు లేదు. చావడానికి ఇంటికెళ్ళేవాడికి అందులో నంబరే లేదు.

ఆ సాయంత్రం నేను ఆడవాళ్ళ మెడికల్ వార్డుకు వెళ్ళాను. సలోమి గారు ఒక ముసలామె పక్కలో దుప్పటి మారుస్తున్నారు. తలుపు దగ్గర ఆ ముసలామె కొడుకులు ఇద్దరు నిలబడి ఉన్నారు, బయట రిక్షా కూడా మాట్లాడుకుని వచ్చారు. సలోమి గారు వాళ్ళతో గొడవ పడుతున్నారు.

"ఇంకో రెండ్రోజులు చూడండి నాయనా. ఒంట్లో నీరు తీస్తోంది. ఇప్పుడు కదిలిస్తే దారిలోనే పోద్ది. ఇక్కడుంటే ఏమో, లేచి కూర్చోవచ్చు."

"పోతేనో?" అన్నాడు పెద్దకొడుకు.

"పోతే నన్ను తిట్టండి. మీ అమ్మని మాత్రం ఇవాళ కదపనివ్వను."

వాళ్ళు సణుక్కుంటూ రిక్షా పంపేశారు. ఆమె నా వైపు తిరిగి, ఏం కావాలండీ అని అడిగారు. నేను సంజాయిషీలోని రెండో వాక్యం గురించి అడిగాను. వేరే వార్డుల్లో చివరికొచ్చినవాళ్ళను డాక్టర్లే ఇంటికి తీసుకుపొమ్మని చెబుతున్నారని, కాగితాల్లో వార్డు చావులు అచ్చు కావడం మొదలైనప్పటి నుంచి అది మరీ ఎక్కువైందని చెప్పారు. "వాళ్ళలో కొందరు బతికేవాళ్ళేనండీ. అందరూ కాదు. ఎవరు బతుకుతారో ఉంచితేనే గదండీ తెలిసేది," అన్నారు.

నా నోటుబుక్కులో రాసుకున్న 'సహకరించని సిబ్బంది'ని ఆ రోజే కొట్టేశాను. కానీ ఒక నర్సు మాట కమిటీ ముందు చెల్లదు. కమిటీకి కాగితం కావాలి. కాగితం ఎక్కడ దొరుకుతుందో గణాంక శాఖ మనిషికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. ప్రతి ఊళ్ళో మునసబు దగ్గర జనన మరణాల రిజిస్టరు ఉండేది. దాన్ని తెరిపించి చూసే అధికారం నా హోదాకు ఉంది. నా విధిలో లేకపోయినా నేను అధికారాన్ని వాడుకున్నాను. ఇతర వార్డుల రెండో నంబరు చీటీల్లోంచి, కేసు షీటు పరిస్థితి బాగాలేదని చెప్పినవాటిని పన్నెండు ఏరి, ఊళ్ళ పేర్లు రాసుకుని బస్సెక్కాను.

గన్నవరం వైపు కొన్ని, కాలవల వెంబడి కొన్ని, అవతలి ఒడ్డున మంగళగిరి దగ్గర కొన్ని. నాలుగు రోజులు తిరిగాను. మునసబులు మజ్జిగ ఇచ్చి, రిజిస్టరు దుమ్ము దులిపి చూపించారు. పన్నెండింటిలో తొమ్మిది పేర్లు మరణాల పేజీల్లో దొరికాయి. ఎక్కువ భాగం ఆసుపత్రి వదిలిన రోజు తేదీనే, లేదా మర్నాడు. పదో మనిషి బతికే ఉన్నాడు. తక్కిన ఇద్దరివి ఊరి పేర్లు తప్పుగా పడ్డాయి, దొరకలేదు.

మంగళగిరి పక్క ఊళ్ళో ఒక నేతపనివాడి ఇంటికి కూడా వెళ్ళాను. తేదీ రూఢి చేసుకోవడానికే వెళ్ళాను. అతను మగ్గం గుంటలోంచి లేచి వచ్చి అరుగు మీద చాప వేశాడు. ఆపరేషన్ అయిన నాలుగో రోజున భార్యను సర్జికల్ వార్డులోంచి తెచ్చుకున్నాడట.

"పెద్ద డాక్టరుగారే అన్నారమ్మా, ఇంక ఇంటికి తీసుకుపోతే మంచిదని. ఊపిరుండగానే ఇల్లు చేర్చుకోవాలి గదా. బ్యారేజీ మీద ఉండగా ఒకసారి కళ్ళు తెరిచి నీళ్ళడిగింది. ఇల్లు చేరేతలికి లేదు." చాప అంచు సర్దుతూ అడిగాడు: "మీరు గవర్నమెంటోళ్ళు గదా. ఆసుపత్రి కాగితంలో ఏమని రాసుకున్నారమ్మా?"

బాధ తగ్గి వెళ్ళిందని రాసుంది. ఆ మాట చెప్పలేకపోయాను. ఇంటికి తీసుకెళ్ళారని రాసుందన్నాను.

"తీసుకురాకుండా ఉంటే బతికేదాండీ?"

తెలియదన్నాను. అది నిజం. ఆమె చీటీ, కేసు షీటు, కార్డు మూడూ నేను చూశాను, అయినా తెలియదు. బాధ తగ్గిందన్న మాట మాత్రం అబద్ధమని తెలుసు. రెండుసార్లు సరిచూసి, గాటు పెట్టి మరీ పంపించిన అబద్ధం అది.

మూడో వారం రిపోర్టు రాశాను. అడిగిన అయిదు ప్రశ్నలకూ అనుకూలంగానే జవాబులు రాయాల్సి వచ్చింది, ఎందుకంటే అవి అడిగిన తీరే అలాంటిది. ఆరోదిగా ఎవరూ అడగని ప్రశ్న నేనే వేసుకుని, తొమ్మిది పేర్లూ తేదీలతో సహా జతపరిచాను. మూడు సిఫారసులు చేశాను. ఒకటి, కోడు పుస్తకాన్ని తెలుగులో వివరంగా రాయించి, చివరి దశలో ఇంటికి తీసుకెళ్ళినవారికి అయిదో నంబరు విడిగా ఇవ్వాలి. రెండు, సలోమి గారికిచ్చిన మెమోకు ఆధారం లేదు, రద్దు చేయాలి. మూడు, సరిచేసిన నంబర్లతో వార్డుల వారీ మరణాల పట్టికను నెలనెలా తప్పక కొనసాగించాలి. మూడో దాన్ని రాస్తున్నప్పుడు నాకు నేను బాగా నచ్చాను.

సూపరింటెండెంటు గారు చదివి మొహం మాడ్చుకున్నారు. యంత్రం తప్పు చేయలేదు కదా, గుమాస్తా తప్పు చేశాడు కదా, మరి వ్యవస్థ విజయవంతమే కదా అని మూడుసార్లు అడిగారు. మూడుసార్లూ ఔననే అన్నాను, వాదించే ఓపిక లేక. పై ఆఫీసు వాళ్ళు నా అయిదు జవాబులకు మెచ్చుకోలుగా ఒక ఉత్తరం రాశారు. ఆరోదాని ఊసు అందులో లేదు. అయినా తొమ్మిది పేర్లు ట్రస్టు కమిటీని భయపెట్టాయి. మెమో రద్దు చేశారు. కాకపోతే ఆ రద్దుకు ఏడు నెలలు పట్టింది. ఆ ఏడు నెలలూ సలోమి గారిని వార్డు నుంచి తప్పించి, దుప్పట్లు లెక్కపెట్టే స్టోరులో కూర్చోబెట్టారు.

1975 వేసవిలో, సిఫారసుల అమలు ఎలా ఉందో చూడమని మళ్ళీ నన్నే పంపారు. యంత్రాల గది అదే చల్లదనంతో ఉంది. కోడు పుస్తకం తెలుగులో వచ్చింది. ఆంజనేయులు గారు అయిదో నంబరును ఎర్రసిరాతో అంతే శ్రద్ధగా వేస్తున్నారు, నేను తీసిన చీటీల్లో ఒక్క తప్పూ దొరకలేదు. ప్రతి వార్డుకూ అయిదో కాలమ్ నిండుగా ఉంది. దాన్ని చూసి ఎవరూ కంగారు పడడం లేదు, ఎందుకంటే అది చావుల కింద లెక్కకు రాదు. నాలుగో కాలమ్ మాత్రమే కమిటీ చూస్తుంది.

ఆడవాళ్ళ మెడికల్ వార్డు నాలుగో కాలమ్‌లో అందరికంటే తక్కువ అంకె ఉంది.

"మీ రిపోర్టు చలవే మేడమ్‌గారూ," అన్నారు సూపరింటెండెంటు గారు. ఆయన వెటకారం చేయలేదు, మనస్ఫూర్తిగానే అన్నారు.

వార్డుకు వెళ్ళాను. సలోమి గారు తిరిగొచ్చి నాలుగు నెలలైంది. నన్ను చూసి లేచి నిలబడి, కుర్చీ వేయించి, టీ తెప్పించారు. మీ వల్ల ఉద్యోగం నిలబడిందండీ అన్నారు. నేను అయిదో కాలమ్ సంగతి అడిగాను. ఆమె దాచలేదు.

"అడిగినోళ్ళని పంపించేస్తున్నానండీ."

ఉండమని చెప్పడం లేదా అన్నాను.

"లేదండీ. ఆపితే నా లెక్కలో పడతారు. పంపితే పడరు. ఏడు నెలలు దుప్పట్లు లెక్కెట్టానండీ, ఇంకోసారి నావల్ల కాదు. ఇంకా ఆరేళ్ళ సర్వీసుంది నాకు." టీ గ్లాసు నా వైపు జరిపి, చల్లారిపోతుంది తాగమన్నారు.

ఆమెను తప్పుపట్టే హక్కు నాకు లేదు. మెమో తప్పని నిరూపించాను గానీ, ఆ మెమోను పుట్టించిన పట్టికను నా చేతులతోనే నిలబెట్టి వచ్చాను. మూడో సిఫారసును వెనక్కి తీసుకుంటున్నానని ఆ రోజే రాసి ఉండవచ్చు, నాకు ఆ అధికారం ఉంది. రాస్తే మొదటి రిపోర్టు తప్పని నేనే ఒప్పుకున్నట్టవుతుంది. ఆ ఏడాది నా ప్రమోషన్ ఫైలు కదులుతోంది. 'సిఫారసులు అన్నీ అమలయ్యాయి' అని రాసి సంతకం పెట్టి బందరు వెళ్ళిపోయాను.

ఆ పద్ధతి తర్వాత ఇంకెన్ని చోట్లకు వెళ్ళిందో నాకు తెలియదు. నాకు ప్రమోషన్ వచ్చింది. ఆ పని నాకు నేర్పింది ఇదీ: పట్టికలో అంకె నిజమైనంత మాత్రాన సరిపోదు, ఆ అంకెకు ఎవరు భయపడతారో, భయపడి ఏం చేయడం మానేస్తారో కూడా పట్టిక వేసేవాళ్ళే చూసుకోవాలి. ఆ తర్వాత రిటైరయ్యే దాకా నేను వేసిన ప్రతి పట్టికకూ అది చూసుకున్నాను. సలోమి గారు ఆపి ఉంటే బతికేవాళ్ళు ఆ వార్డులో ఎంతమందో మాత్రం నేను లెక్కపెట్టలేదు.